బొమ్మల పుస్తకం వాపసు

ఈ సంగతి నేనింతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా దగ్గర పాత పుస్తకం కొన్నవాళ్ళు డబ్బు వెనక్కి అడిగితే, ఎందుకని నేను అడిగేదాన్ని కాదు. మెసేజ్‌లో ‘వాపసు’ అన్న మాట కనపడగానే డబ్బు పంపేసి ఆ సంగతి అక్కడికి మూసేసేదాన్ని. ఆ మాటకు ముందు ఏం రాశారో, వెనక ఏం రాశారో చదివేదాన్ని కాదు. చదివితే జవాబివ్వాలి. జవాబిస్తే వాళ్ళు ఫోన్ చేస్తారు. ఫోన్ చేస్తే మాట్లాడాలి. ముక్కూ ముఖమూ తెలియని మనిషి నా మీద కోపంగా ఉన్నప్పుడు ఆ గొంతు నా చెవిలో వినపడడం అనేదాన్ని ఊహించుకుంటేనే నాకు చేతులు చల్లబడేవి.

అమ్మ మాత్రం నా వ్యాపారం చక్కగా సాగుతోందని, ఎవరితోనూ పేచీల్లేవని చుట్టుపక్కల చెప్పుకునేది. పేచీలు లేనిమాట నిజమే. పేచీ పెట్టుకోవడానికి నేను ఎవరికీ అవకాశం ఇవ్వలేదు.

డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్నప్పుడు మొదలుపెట్టిన పని ఇది. ఆదోనిలో మా వీధి చివర పాత పేపర్ల అంగడి ఉంది. దాని యజమానిని అందరూ భాయ్ అనేవాళ్ళు, నేనూ అదే అనేదాన్ని. ఆయన పుస్తకాలను కేజీల లెక్కన కొని, కేజీల లెక్కన అమ్మేవాడు. నేను సాయంత్రం పూట వెళ్ళి, కట్టలు విప్పి, బాగున్నవి ఏరుకునేదాన్ని. ఒక్కో పుస్తకం తెరిచి ముక్కు దగ్గర పెట్టుకోవడం నాకు అలవాటు.

"ఏం బేటీ, అట్ల వాసన చూస్తాండావు? బిర్యానీ అనుకున్యావా?" అనేవాడు భాయ్. నేను సిగ్గుపడి మూసేసేదాన్ని. ఆయన నవ్వి, త్రాసులోంచి ఒకటి తీసి ఊరికే నా కట్ట మీద పడేసేవాడు.

ఇంటికి తెచ్చి, అట్టలు తుడిచి, చిరిగిన మూలలు అతికించి, అమ్మ పాత చీర మీద పరిచి ఫొటో తీసి నా పేజీలో పెట్టేదాన్ని. ఎవరైనా కావాలంటే ఫోన్‌లో డబ్బు పంపేవాళ్ళు. మందపాటి కాగితంలో చుట్టి, దారంతో కట్టి, పోస్టాఫీసులో ఇచ్చి వచ్చేదాన్ని. రాసుకోవడం తప్ప ఏ మనిషితోనూ గొంతు విప్పనక్కర్లేని పని. అందుకే నాకది నచ్చింది. రోజూ డైరీ రాసే అలవాటు కూడా అందుకే వచ్చిందేమో. ఎవరితోనైనా అనాల్సిన మాటలు అందులో అనేదాన్ని, ఇంటికొచ్చాక, తలుపేసుకుని.

మాది రెండు గదుల ఇల్లు. వెనక గదిలో ఒక పక్క జొన్నల సంచులు, ఇంకో పక్క నా పుస్తకాల అట్టపెట్టెలు. అమ్మ ఊరి బయటి పొలాలకు కూలికి వెళుతుంది. పత్తి తీసే రోజుల్లో చిప్పగిరి పక్క ఊళ్ళదాకా టెంపోలో తీసుకుపోతారు. కూలితో పాటు ఒక్కోసారి జొన్నలు తెస్తుంది, అవి ఏడాది పొడుగునా ఆ గదిలో ఉంటాయి. ఆ గదికి ఒక ఘాటు వాసన ఉండేది. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉంది. జొన్నల వాసనే అదని అనుకునేదాన్ని.

వానలు పడ్డాక ఒకరోజు పెట్టె జరిపితే గోడ లోంచి మట్టి గీత ఒకటి పైకి పాకి ఉంది. చెదలు. కింది పెట్టెలో రెండు పుస్తకాల అడుగులు తినేసి ఉన్నాయి. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆ రోజు పోస్టాఫీసుకు వెళ్ళి వచ్చేసరికి పెట్టెలన్నీ ఇటుకల మీద ఎత్తి పెట్టి ఉన్నాయి. పుస్తకాల అట్టలు తుడిచి మెరుస్తున్నాయి.

"చెదలు పోయినాయిలే. నేను సూసుకున్యా," అంది అమ్మ. ఎలా పోయాయని నేను అడగలేదు. ఇంట్లో చీమలు, ఎలుకలు, తేళ్ళు, ఇలాంటివన్నీ అమ్మ చూసుకునే పనులు.

ఆ తర్వాత రెండు వాపసులు వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి. డబ్బు పంపేశాను. ఏ సంగతీ చదవలేదు.

అప్పుడు నా పేజీలోకి ఎమ్మిగనూరు అమ్మాయి వచ్చింది. ఆమె నన్ను మొదటి మాట నుంచే అక్కా అంది, నా వయసెంతో తెలియకుండానే. ఆమెకు ఇంకా రెండేళ్ళు నిండని కొడుకు ఉన్నాడు. వాడికి గట్టి అట్టలతో ఉన్న బొమ్మల పుస్తకం కావాలట, చింపలేనిది. ‘వాడు ఏది ఇచ్చినా నోట్లో పెట్టుకుంటాడక్కా, మొన్న వాళ్ళ నాయన చెప్పు గూడా నమిలినాడు’ అని రాసింది. నేను నవ్వుకున్నాను. నా దగ్గర ఏనుగులు, కోతులు ఉన్న పుస్తకం ఒకటి ఉంది, పేజీకి పేజీ అట్టంత మందం. అదే రోజు పంపాను. ముప్పై కిలోమీటర్లు కూడా లేని ఊరికి పోస్టులో పంపడం విచిత్రంగా అనిపించింది. నేనే వెళ్ళి ఇవ్వొచ్చు కదా అన్న ఆలోచన నాకు రానే లేదు.

ఆమె మెసేజ్ వచ్చింది ఒక ఆదివారం పొద్దున. అమ్మ చర్చికి తయారవుతోంది. నేను పొయ్యి మీద టీ పెట్టాను. ఫోన్ తెరిస్తే, ‘అక్కా పుస్తకం వాపసు తీస్కో’ అని ఉంది. ఎప్పటిలాగే డబ్బు పంపాను. మనసు చివుక్కుమంది కూడా. ఈమెకు నచ్చుతుందనుకున్నాను.

ఫోన్ కింద పెట్టేలోపే మళ్ళీ మోగింది.

‘దుడ్లు గాదక్కా. దానికేం మందు కొట్టినావో సెప్పు. పిల్లోడు దాన్ని నాకినాడు. తెల్లారినప్పట్నుంచి కక్కుతాండాడు.’

మళ్ళీ మొదటి నుంచి చదివాను. మందేమిటి? నేను ఏ మందూ కొట్టలేదు. ఇది నన్ను బెదిరించడానికి రాసిందేమో అని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. వెంటనే రాశాను: ‘మేము పుస్తకాలకు ఏ మందూ కొట్టము అండి. బాబు వేరే ఏమైనా తిన్నాడేమో చూడండి.’

ఆమె అది చూసింది. చూసినట్లు గుర్తు పడింది. జవాబు రాలేదు.

ఎందుకో వెనక గదిలోకి వెళ్ళాను. పెట్టె లోంచి ఒక పుస్తకం తీసి మధ్యకు తెరిచాను. అట్ట శుభ్రంగా ఉంది. కానీ కుట్టు దగ్గర, రెండు పేజీలు కలిసే లోతులో, బియ్యప్పిండి లాంటిది సన్నగా నిలిచి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గది వాసనే. జొన్నల వాసన. కానీ జొన్నలు చేతిలోకి తీసుకుని వాసన చూస్తే వాటికి ఆ వాసన లేదు. సంచికి ఉంది. సంచి చుట్టూ ఉన్న నేలకు ఉంది.

"మా! పుస్తకాలకు ఏమన్నా మందు కొట్టినావా?"

అమ్మ అద్దం ముందు చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. "మందు యాడిది? పొడి సల్లినా."

"ఏం పొడి?"

"జొన్నలకు సల్లేదే. చెదలు తింటాంటే సూస్తా కూసోమంటావా? నువ్వు ఏడిస్తివి గదా. మళ్ళా అన్నీ గుడ్డతో బాగ తుడిసి పెట్టినా. ఏమయింది?"

నేను ఫోన్ ఆమె ముందు పెట్టాను. అమ్మకు చదువు రాదని గుర్తొచ్చి చదివి వినిపించాను. ‘నాకినాడు’ అన్న మాట రెండుసార్లు చదివాను.

అమ్మ కుచ్చిళ్ళు చేతిలోనే ఉన్నాయి. "పిల్లోడెంతోడు?" అంది.

"రెండేళ్ళు గూడా లేవు."

ఆమె మెల్లగా మంచం మీద కూర్చుంది.

పొడి ఒక పాత పౌడరు డబ్బాలో ఉంది. చిల్లుల మూత, పైన పూల బొమ్మ. దాని పేరేమిటో, అది ఏ మందో మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు. కవరేదని అడిగితే, "నాకు కవరెందుకిస్తారు? సేనికి పోయినప్పుడు రైతు పెండ్లాము కొంగులో ఇంత పోసింది. అందరికీ పోస్తాది," అంది.

ఆ రైతు భార్యకు అమ్మే ఫోన్ చేసింది. నా ఫోన్ గనక స్పీకరు పెట్టాను.

"ఏమే, ఆదివారం గూడా కూలికొస్తావా ఏంది? దేవుడు ఊరుకుంటాడా?" అని నవ్వింది ఆమె.

"అక్కా, నాకు తెల్ల పొడి ఇచ్చినావే, దాని కవరు ఉండాదా?"

అవతల నవ్వు ఆగింది. "యాల? ఎవురన్నా తాగినారా?"

"ల్యాదక్కా. ఒగ పిల్లోని నోట్లోకి పోయింది. కొంచిం. ఆస్పత్రిలో అడుగుతాండారు." ఆస్పత్రి మాట అమ్మ తనంత తానే కల్పించింది. అది నిజం కావచ్చని నాకు అప్పుడే తట్టింది.

"అయ్యో దేవుడా. ఉండు, మూట ఉండాది కొట్టంలో. మావాడితో ఫొటో తీసి పంపిస్తా. ఇదో మే, నేనిచ్చినానని మాత్రం యాడా సెప్పొద్దు. నీకు దండం పెడతా."

ఫొటో వచ్చింది. కవరు మీద నోరు తిరగని పేరు, కింద పుర్రె గుర్తు. ఆ ఫొటోను ఎమ్మిగనూరుకు పంపాను. చేరినట్లు గుర్తు పడింది. చూసినట్లు గుర్తు పడలేదు. ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

టీ పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాస్ వాసన వచ్చేదాకా ఇద్దరమూ గమనించలేదు.

"నేను పోతాను," అన్నాను.

"యాడికి?"

"ఎమ్మిగనూరికి. పార్సిల్ మీద రాసిన ఇంటి అడ్రసు ఉంది."

అమ్మ చెయ్యి పట్టుకుంది. "వద్దు. ఫొటో పంపినావు గదా, సాలు. వాళ్ళు సూసుకుంటారు. మనంతట మనం పోతే మేమే సేసినామని ఒప్పుకున్నట్ల గాదా? పోలీసోళ్ళను పిలిస్తే? వాళ్ళింటి మొగోళ్ళు సెయ్యెత్తితే ఎవురొస్తారు మనకడ్డం?"

నాకు అమ్మ కంటే ఎక్కువ భయంగా ఉంది. నేను కూర్చున్నాను. వెళ్ళకుండా ఉండడానికి కారణాలు వెతకనక్కర్లేకుండా వరసగా వచ్చాయి. వాడు నిజంగానే వేరే ఏదైనా తిని ఉండొచ్చు. ఈపాటికి తగ్గిపోయి ఉండొచ్చు. నేను వెళ్ళి చేసేదేముంది. కానీ నేను రాసిన మాట ఒకటి ఆ ఫోన్‌లో ఉంది. ఏ మందూ కొట్టము అని. ఆమె దాన్ని చూసింది. డాక్టరు అడిగితే ఆమె ఏం చెబుతుంది? నేను చెప్పిందే చెబుతుంది. ఆ ఆలోచన వచ్చాక నాకు కూర్చోవడం చేతకాలేదు. పౌడరు డబ్బాను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దాని మీద ఇంకో కవరు చుట్టి, చెప్పులేసుకున్నాను.

సందు మలుపు తిరిగేసరికి వెనక చెప్పుల చప్పుడు. అమ్మ. చర్చి చీరలోనే.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. అమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి, "ప్రభువా, పసిబిడ్డ, ప్రభువా," అని. డబ్బా నా ఒళ్ళో ఉంది. ముందు సీటులో ఒక చిన్నపిల్ల వెనక్కి తిరిగి నా కవరు వైపు చూస్తుంటే అమ్మ ఆ డబ్బాను లాక్కుని తన కొంగులో దాచింది. పక్కన కూర్చున్న పెద్దావిడ అమ్మ చీర చూసి, "పెండ్లికేమమ్మా పోతాండారు?" అంది.

"ఊ. పెండ్లికే," అంది అమ్మ.

"పిల్లదెవురు?"

"మా తమ్ముని కూతురు," అంది. ఆవిడ పెళ్ళికొడుకు గురించి అడిగింది, భోజనాల గురించి అడిగింది. అమ్మ అన్నిటికీ జవాబు చెప్పింది, కళ్ళ నిండా నీళ్ళతో. "బో మెత్తని మనిషివమ్మా, పెండ్లిలోనే ఏడిసేటట్లున్నావు," అని ఆవిడ అమ్మ వీపు నిమిరింది. నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు.

ఎమ్మిగనూరు బస్టాండు నుంచి ఆటోలో ఆ వీధికి వెళ్ళాం. నేతపని చేసేవాళ్ళ ఇళ్ళు. అడ్రసులో ఉన్న ఇంటికి తాళం వేసి ఉంది. లోపలి నుంచి ఫోన్ మోగుతోంది. అది నేను చేస్తున్న ఫోనే. ఆ సంగతి అర్థమవడానికి నాకు కొంత సమయం పట్టింది. ఆమె ఫోన్ ఇంట్లో మరచిపోయింది. ఫొటో ఎవరూ చూడలేదు.

పక్కింటి గడపలో ఒకామె బియ్యం ఏరుతోంది. "వాళ్ళు ల్యారు. పిల్లోన్ని గవర్మెంటు ఆస్పత్రికి ఎత్తుకపోయినారు. మెడ నిలపల్యాకపోయినాడు. మీరు వాళ్ళకేమైతారు?"

నేను జవాబివ్వకుండా ఆటో వైపు పరుగెత్తాను.

ఆస్పత్రిలో పిల్లల వార్డు పొడుగ్గా ఉంది. మంచాలన్నీ నిండాయి, కింద చాపల మీద కూడా ఉన్నారు. అప్పుడే నాకు తెలిసింది, ఆమె ముఖం నాకు తెలియదని. ఆమె ఫోన్‌లో పెట్టుకున్న ఫొటో మందారపువ్వు. పేరు కూడా పార్సిల్ మీద ఆమె మామగారిది. నర్సును అడుగుదామని నోరు తెరిస్తే గాలి మాత్రమే వచ్చింది. అమ్మ నా వెనక నిలబడి చీర కొంగుతో డబ్బాను అదిమి పట్టుకుంది. ఇక నాకు వేరే దారి లేకపోయింది. జీవితంలో ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాను.

"బొమ్మల పుస్తకం కొన్నవాళ్ళు ఎవరు? ఫోన్‌లో పుస్తకం కొన్నవాళ్ళు?"

వార్డంతా నా వైపు తిరిగింది. ఎవరో నవ్వారు కూడా. "ఇదేందప్పా, ఈడికే వచ్చి అమ్ముతాండారు," అన్నారు. చివరి మంచం దగ్గర నుంచి ఒక అమ్మాయి లేచింది. నాకంటే చిన్నది. జడ సగం ఊడి ఉంది.

"అక్కా?" అంది.

ఆమె భర్త ఆమెను పక్కకు నెట్టి ముందుకొచ్చాడు. "నువ్వేనా? ఏ మందూ ల్యాదంటివే! డాక్టరు అడిగినప్పుడల్లా ల్యాదు సార్, ల్యాదు సార్ అంటిమి. వాంతులకని సూది ఏసినారు. వాడు సూడు ఎట్లుండాడో!"

నేను చూశాను. మంచం మీద పిల్లవాడు చెమటతో తడిసి ఉన్నాడు. నోటి పక్క నుంచి చొంగ కారుతూనే ఉంది. కళ్ళు సగం మూసి ఉన్నాయి. చేతి మీద సెలైన్ పట్టీ ఆ చెయ్యంత ఉంది.

"ఉంది," అన్నాను. "మందు ఉంది. నాకు తెలీదు. ఇదో." ఫోన్‌లో ఫొటో చూపించాను. అమ్మ డబ్బా తీసింది.

"పౌడరు డబ్బా!" అన్నాడు అతను. "పుస్తకాల అంగడేనా, మందుల అంగడి గూడా పెట్టినారా అమ్మాకూతుర్లు?"

నర్సు నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ఫొటో పెద్దది చేసి చూసి, ఏమీ మాట్లాడకుండా, డబ్బా కూడా తీసుకుని పరుగెత్తింది. నర్సులు మామూలుగా పరుగెత్తరు. డాక్టరు వచ్చాడు. టార్చి వేసి పిల్లవాడి కళ్ళు చూశాడు. "ఎవరు తెచ్చారిది? ఎంత మింగాడు? ఎప్పుడు?" ఎంత మింగాడో ఎవరికీ తెలియదు. పుస్తకం రాత్రంతా వాడి పక్కలోనే ఉందని ఆ అమ్మాయి చెప్పింది. వేరే ఇంజెక్షన్ తెచ్చారు. మమ్మల్ని అందరినీ మంచం దగ్గర నుంచి బయటకు పంపారు.

వరండాలో ఆ పిల్లవాడి నాయనమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అంతవరకూ ఆమె నోరు తెరవలేదు. అమ్మ ఆమె ముందు నేల మీద కూలబడి, "నేనే సల్లినా తల్లీ. నా కూతురికి తెల్దు. చెదలకని సల్లినా, జొన్నలకు సల్లినట్ల," అంది.

పిల్లవాడి తండ్రి ఏదో అనబోతే ఆమె చేత్తో ఆపింది.

"మేము గూడా అదే సల్లుతాము," అంది చివరికి. "మా ఇంట్లో గూడా ఉండాది."

ఆ మాటతో అతని కోపం తగ్గలేదు. కానీ మా మీదికి వచ్చేవాడల్లా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ అమ్మాయి నా పక్కకు వచ్చి కూర్చుంది. ఆమె భుజం నా భుజానికి తగిలి వణుకుతోంది. క్షమించమని అడగాలి. ఆ మాట నోటిదాకా వచ్చేది, తలుపు చప్పుడైతే వెనక్కి పోయేది. లోపల్నుంచి ఏ శబ్దమూ లేదు. కర్నూలుకు పంపాల్సి ఉంటుందేమో అని ఒక ఆయా ఇంకో ఆయాతో అంటూ పోయింది. అది మా పిల్లవాడి గురించో, వేరే ఎవరి గురించో మాకు తెలియలేదు. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. పట్టుకున్నది ఎవరి చెయ్యో ఆమెకు తెలిసినట్లు లేదు.

ఎండ వాలాక లోపల ఏడుపు వినపడింది. సన్నగా మొదలై, పెద్దదై, వార్డంతా నిండిపోయే ఏడుపు. ఆమె ఒక్క ఉదుటున లేచింది. నర్సు తలుపు తీసి, "ఏడుస్తున్నాడు, మంచిదే. ఇంత గొంతుతో ఏడుస్తున్నాడంటే మంచిదే. తల్లి ఒక్కతే రావాలి," అంది. ఇంకా చూడాలని, ఇప్పుడే ఏమీ చెప్పలేమని డాక్టరు అన్నాడు. మమ్మల్ని వెళ్ళమని ఎవరూ చెప్పలేదు, ఉండమనీ చెప్పలేదు. చీకటి పడుతుంటే అమ్మ నన్ను లేపి బస్టాండుకు నడిపించింది.

మరుసటి రోజు నేను పాత వాపసుల మెసేజ్‌లు తెరిచాను. ఒకరు, ‘పుస్తకం తెరిస్తే కళ్ళు మండుతున్నాయండి, దేనితోనైనా కడిగారా? వాపసు తీసుకోండి’ అని రాశారు. ఇంకొకరు, ‘ఘాటు వాసన, మా ఇంట్లో ఉబ్బసం మనిషి ఉన్నారు, డబ్బు వాపసు ఇస్తే చాలు’ అని రాశారు. ఎంతో మర్యాదగా రాశారు. నేను చదివి ఉంటే బొమ్మల పుస్తకం నా ఇంట్లోంచి కదిలేది కాదు.

చెదలు వచ్చిన తర్వాత పుస్తకాలు కొన్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేశాను. రాయలేదు, ఫోనే చేశాను. రాస్తే వాళ్ళూ నాలాగే చదవకపోతే? ప్రతిసారీ నంబరు నొక్కే ముందు గ్లాసుడు నీళ్ళు తాగాను. ఒక పెద్దాయన విజయవాడ నుంచి, "ఏమ్మా, పుస్తకం ఎప్పుడో అందిందిగా, మళ్ళీ ఈ ఫోనేంటి?" అన్నాడు. చెప్పాను. "పురుగుల మందా? నేను దాన్ని దిండు కింద పెట్టుకుని చదువుతున్నానే!" అన్నాడు. అటుపైన ఆయన తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను. చివరివరకూ విన్నాను. చేతులు సబ్బుతో కడుక్కోమని, పుస్తకం కవరులో కట్టి పిల్లలకు అందకుండా పెట్టమని చెప్పాను. ఒకామె పుస్తకాన్ని తన కూతురు స్కూలుకు తీసుకెళ్ళిందని చెప్పింది. ఆ పుస్తకం ఇంటికి తిరిగొచ్చి, ఆ పాప బాగానే ఉందని ఆమె ఫోన్ చేసేదాకా నాకు అన్నం దిగలేదు. ఇంట్లో మిగిలినవాటిని భాయ్‌కి ఇవ్వనివ్వలేదు నేను. ఆయన అవి మళ్ళీ ఎవరికైనా తూకం వేస్తాడని భయం. అమ్మ ఊరి బయట గొయ్యి తవ్వి పూడ్చింది. తవ్వుతున్నంతసేపూ తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

ఎమ్మిగనూరు నుంచి మాత్రం ఏ కబురూ రాలేదు. ఆ అమ్మాయికి పంపిన ప్రతి మెసేజ్ చేరేది, ఆమె చూసేది, జవాబు ఉండేది కాదు. ఆ మౌనానికి నేను రోజుకో అర్థం చెప్పుకునేదాన్ని, ఎక్కువసార్లు చెడ్డ అర్థమే. పైగా ఆ బొమ్మల పుస్తకం ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. ఎవరైనా తెలియక మళ్ళీ వాడి చేతికిస్తే? దాన్ని తెచ్చుకోవాలి. అదొక్కటీ నేను చేయగల పని. చివరికి ఒకరోజు ఒక్కదాన్నే బస్సెక్కాను.

ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. గుమ్మంలో చిన్న చిన్న బట్టలు ఆరేసి ఉన్నాయి, ఉతికినవి, ఇంకా నీళ్ళు కారుతున్నవి. వాటిని పక్కకు జరిపాను. తలుపు కొట్టాను. ఆ పిల్లవాడి నాయనమ్మ తీసింది. లోపల, నులకమంచం పక్కన, ఆ అమ్మాయి నన్ను చూసింది. లేవలేదు. నేను పుస్తకం కోసం వచ్చానని చెప్పాను.

పెద్దావిడ పెరట్లోకి వెళ్ళి, గట్టిగా ముడి వేసిన కవరు ఒకటి కట్టె చివరన తగిలించుకుని తెచ్చింది. గడప దాటకుండానే నాకు అందించింది. నేను తీసుకున్నాను. వాడెలా ఉన్నాడని అడగడానికి ధైర్యం చాలక అక్కడే నిలబడ్డాను.

"పండుకోండాడు. గట్టిగ మాట్లాడొద్దు, లేస్తాడు," అంది ఆమె. తలుపు సగం మూసి, మళ్ళీ కొంచెం తెరిచింది. "అన్నం తింటాండాడు. అంతా బాగనే ఉండాడు. నువ్వు మంచిదానివే తల్లీ. ఇంగ ఈ దిక్కు రావద్దులే, నిన్ను సూస్తే మా కోడలికి ఒళ్ళు వణుకుతాది."